గట్టు తెగనివ్వని మామ

లష్కరు మామ పోయారన్న కబురు మా నగర్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను పెరంబూరులో, రైలుపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టులో ఉన్నాను. వెల్డింగు ముసుగు పైకెత్తి ఫోను చూస్తే, కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆ జోడించిన చేతుల్లో సగానికి సగం ఒకప్పుడు ఆయన మీద రాళ్ళు విసిరినవే. నేను బొమ్మ పెట్టలేదు. నేను విసిరింది రాయి కాదు. ఆయన కుడి చెయ్యి విరగ్గొట్టింది నేనే.

ఈ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన భార్యకు, నేను అత్తా అని పిలిచే మనిషికి, తెలియదు. ఆయన పోయారనగానే ఏడుపుకంటే ముందు నాకు వచ్చిన ఆలోచన అదే. అత్తకు ఇప్పుడు ఎవరు చెప్పాలి? తెలిసిన ఇద్దరిలో నేనొక్కణ్ణే మిగిలాను.

లష్కరంటే ఎవరో కుళాయి నీళ్ళతో పెరిగినవాళ్ళకు తెలియకపోవచ్చు. నీళ్ళ శాఖలో అన్నిటికంటే కింది ఉద్యోగం అది. చెరువు తూము తెరిచేదీ మూసేదీ లష్కరు. పొద్దున్నే కొలతరాయి మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి సెక్షన్ ఆఫీసుకు ఫోన్లో చెప్పేదీ, గట్టుకు ఎలకలు బొక్కలు పెట్టాయేమోనని ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేదీ, నిండిన నీళ్ళు పొర్లిపోయే కలుజు దగ్గర గుర్రపుడెక్కను కొక్కెంతో లాగేదీ ఆయనే. ఎవడైనా చెరువులోకి గోడ జరిపితే పైవాళ్ళకు రాసి పంపేదీ ఆయనే. ఆఫీసులో మ్యాపులుంటాయి, మీటింగులుంటాయి, ఉత్తర్వులుంటాయి. అవన్నీ చివరికి వచ్చి నిలబడేది ఈ ఒక్క మనిషి కాళ్ళ మీద.

చెరువును మేము ఏరి అంటాం. మద్రాసులో ఎన్ని తరాలు తెలుగు మాట్లాడినా చెరువు మాత్రం ఏరే అయిపోయింది. మామ నాయన, తాత కూడా ఈ ఏరికే కాపలా. మా వాళ్ళేమో రైల్వే వర్క్‌షాపు మనుషులు. పెరంబూరు క్వార్టర్స్‌లో పెరిగి, సొంత ఇల్లన్న పిచ్చితో ఊరి బయట ఈ నగర్‌లో ప్లాటు కొన్నాం. కొన్నది ఎండాకాలంలో. ఏరి అప్పుడు మైలు దూరాన, అడుగున ఇంత నీళ్ళతో, మాతో ఏ సంబంధమూ లేనట్టు పడుకుని ఉంది.

ఆయన్ని మొదటిసారి చూసింది ఆ ప్లాటులోనే. పల్లంగా ఉందని నేను కూలగొట్టిన ఇళ్ళ రద్దు లారీతో తెప్పించాను. లారీ వెనక్కి వస్తుంటే, ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన తూము తిప్పే ఇనపకడ్డీ పెట్టుకున్న ఒక నల్లటి మనిషి నడుచుకుంటూ వచ్చాడు. మొలలోంచి చెప్పులు కుట్టే ఆరె తీసి వెనక టైర్లకు రెండింటికీ పొడిచాడు. డ్రైవరు దిగి ఆయన మెడ పట్టుకున్నాడు. ఆయన ఆ కడ్డీతో డ్రైవరు మోకాలి మీద ఒకటి ఇచ్చాడు. నేను మధ్యలోకి పోయి తెలుగులో ఏదో తిట్టాను. ఆయన టక్కున ఆగాడు.

"తెలుగోడివా నువ్వు? అయితే తెలుగులోనే విను. ఇది ఏరి లోపల. నీకు అమ్మినోడు దొంగ, కొన్నోడివి నువ్వు గుడ్డి."

"నా కాడ పట్టా ఉంది," అన్నాను.

"నీళ్ళకి పట్టా ఎందుకు అబ్బయ్యా? అవి వచ్చి కూర్చుంటే అదే పట్టా," అని కడ్డీ మళ్ళీ భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను వేరే లారీ పిలిపించాను. రద్దు నింపి ఇల్లు కట్టాను. నాలాగే వీధి వీధంతా కట్టింది.

ఆయన్ని సాధువులా రాస్తే ఆయనే లేచి వచ్చి నన్ను తంతారు. చెయ్యి దురుసు, నోరు అంతకంటే దురుసు. ఒకసారి డ్రైనేజీ ట్యాంకరువాడు ఏరిలోకి గొట్టం పెట్టి దొరికిపోయాడు. మామ ఆ గొట్టం లాగి ట్యాంకరు కాబిన్ కిటికీలో పెట్టారు, డ్రైవరు లోపల ఉండగానే. వాడి మనుషులు సాయంత్రానికి వచ్చి ఆయన పళ్ళు రెండు రాలగొట్టారు. మర్నాడు పొద్దున ఆ బోసి సందులోంచే ఆఫీసుకు ఫోనులో కొలత చెబుతుంటే చూశాను. ఒంటి మీది గాట్లకు ఆయన చోట్ల పేర్లు పెట్టుకున్నారు. కనుబొమ్మ మీదది తూర్పు గట్టు, పిక్క మీదది పాత తూము, వీపు మీదది రద్దు లారీలు. చొక్కా విప్పితే ఏరి చుట్టూ ఒకసారి తిరిగి రావచ్చు.

పలకరింపు కూడా ఏరితోనే. మా గేటు ముందు ఆగి, తిన్నావా, బాగున్నావా అని అడిగే అలవాటు లేదు. "పదకొండున్నర," అనేవారు. కొలతరాయి మీద పదకొండున్నర అడుగులని. ఎండాకాలంలో ఆ అంకె తగ్గేకొద్దీ ఆయన మాటలూ తగ్గిపోయేవి. నా కూతురు చిన్నప్పుడు ఆయన పేరే పదకొండున్నర అనుకుంది.

ఇక ఆ రోజు సంగతి. ఏడేళ్ళ కిందటి వాన. మూడు రోజులు ఆకాశం మూత పడలేదు. మూడో రోజు తెల్లారేసరికి మా ఇంట్లో నీళ్ళు మంచం ఎత్తుకు వచ్చాయి. అమ్మకు అప్పటికే పక్షవాతం. మేడ మీద కప్పు లేదు, ఆ వానలో పైకి ఎక్కించలేక ఆమెను భోజనాల బల్ల మీద పడుకోబెట్టాం, నా భార్య నడుము లోతు నీళ్ళలో నిలబడి పట్టుకుంది. నీళ్ళు ఇంకా ఎక్కుతున్నాయి. మెట్ల మీద సుద్దతో గీసిన గీత అరగంటకొకటి మునిగిపోతోంది. వీధిలో మగవాళ్ళంతా చేరి ఒక మాట అనుకున్నారు. గట్టు తెగ్గొడదాం, నీళ్ళు అటు పోతాయి, మనం బయటపడతాం.

గట్టుకు అటువైపు పల్లంలో రెండు వీధుల రేకుల ఇళ్ళున్నాయి. మా ఇళ్ళు కట్టిన మేస్త్రీలు, మా వీధులు ఊడ్చే ఆడవాళ్ళు ఉండేది అక్కడే. మాకు తెలియదని ఇప్పుడు చెబితే అబద్ధం. తెలుసు. నాకు బల్ల మీద అమ్మ తప్ప ఎవరూ కనబడలేదు.

తక్కినవాళ్ళు పారలకోసం ఇళ్ళకు పోయారు. నేను ఆగలేక గడ్డపార తీసుకుని ముందే గట్టెక్కాను. వానలో పక్క మనిషి కనబడడం లేదు. మోకాలి లోతు తవ్వేసరికి కలుజు వైపునుంచి ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. ముఖమంతా నెత్తురు, వానకు కడుక్కుపోయి మళ్ళీ కారుతోంది. ఎవరు కొట్టారని నేను అడగలేదు. ఆయన అరుస్తూ వచ్చి నేను తవ్విన గుంతలో అడ్డంగా పడుకున్నారు.

"పెట్రా. నా కడుపులో పెట్టి తవ్వు. కింద బిడ్డలుండారు రా."

కాలు పట్టుకుని లాగాను. ఛాతీ మీద తన్నారు. వెనక్కి పడి లేచాను. లేచి గడ్డపార తిప్పి కొట్టాను.

ఎంత బలంతో కొడితే ఇనుము ఎక్కడ వంగుతుందో తెలిసిన పని నాది. తెలియక తగిలిందని చెప్పుకునే వీలు నాకు లేదు. నేను గురిపెట్టింది తలకు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. మోచేతి కింద ఎముక విరిగిన చప్పుడు అంత వానలోనూ వినబడింది. చెయ్యి మధ్యలో ఇంకో కీలు ఉన్నట్టు వేలాడింది.

ఆయన కేక పెట్టలేదు. గుంతలోంచి నన్నే చూస్తూ, ఊపిరి అందక ఆగి ఆగి అన్నారు. "ఆయింది గదా? ఇప్పుడన్నా విను. కలుజు మూసేసుండారు రా. చేపలోళ్ళు. బస్తాలేసి, వల కట్టేసినారు. నేనొక్కణ్ణే తియ్యలేకపోతిని. అందుకే మీ ఇండ్లలోకి ఎక్కతా ఉండాది. గట్టు కాదు రా తెగ్గొట్టాల్సింది."

ఏరిలో చేపలను గుత్తకు తీసుకున్నవాడి పని అది. కలుజు పొర్లితే నీళ్ళతోపాటు చేపలూ పోతాయి. అందుకని వానల్లో దొంగతనంగా కలుజు మీద ఇసక బస్తాలు పేర్చి, పైన వలలు బిగించేవాళ్ళు. ఏరి నిండాక కూడా నీళ్ళు పోయే దారి లేక మా వీధుల్లోకి వెనక్కి తన్నాయి. పొద్దున ఆ బస్తాలు లాగబోయిన మామను వాళ్ళే ముఖం పగలగొట్టి పంపారు. దెబ్బలు తిని కూడా ఆ మనిషి ఇంటికి పోలేదు. మమ్మల్ని పిలవడానికి వస్తున్నారు. అలా వస్తుంటే నేను తగిలాను.

అప్పటికి మా వీధివాళ్ళు పారలతో ఎక్కి వచ్చారు. ఏమైంది, ఏమైందని అరవంలో అరుస్తున్నారు. నా చేతిలో గడ్డపార అలాగే ఉంది. ఆయన నా వైపు చూడలేదు.

"జారినా," అన్నారు. "నా సంగతి పోనీండి. కలుజుకి పదండి."

కలుజు దగ్గర జరిగింది కొట్లాట అనడానికి కూడా లేదు. నలభైమందిమి ఉన్నాం, మూడు రోజుల కసి ఉంది. గుత్తదారు మనుషులు ఆరుగురు కర్రలతో నిలబడ్డారు. ఒకడి చెవి తెగింది. ఇద్దర్ని ఎత్తి కాలవలో విసిరారు, వాళ్ళు ఎక్కడో కిందికి పోయి తుమ్మచెట్టు పట్టుకున్నారు. నేను ఒకణ్ణి బురదలో బోర్లా పడేసి మెడ మీద మోకాలు పెట్టాను. వాడు గిలగిల్లాడుతుంటే మామ వచ్చి తుండుతో కట్టుకున్న చేత్తోనే నన్ను భుజంతో తోశారు. "వాణ్ణి చంపితే బస్తాలు లేస్తాయా? సుమ్మా గమ్మునుండు. బస్తా పట్టు," అన్నారు. వాణ్ణి వదిలి బస్తా పట్టాను. వల కత్తులతో కోశారు. పదో బస్తా లేవగానే మిగిలినవి నీళ్ళే తన్నేశాయి. ఆ హోరుకు కాళ్ళ కింద రాయి అదిరింది. నీళ్ళతో చేపలు కూడా ఎగిరిపడ్డాయి, మూరెడేసి బొచ్చెలు. అంతవరకు మనుషుల్ని కొట్టిన కర్రలతోనే మావాళ్ళు చేపల్ని కొట్టడం మొదలుపెట్టారు. మామ ఒక బస్తా మీద కూర్చుని అది చూసి నవ్వారు, నెత్తురు పళ్ళతో.

మధ్యాహ్నానికి మా మెట్ల మీద మునిగిన గీత ఒకటి బయటపడింది. అమ్మ బతికింది. ఆ సాయంత్రం వీధంతా చేపల పులుసు వాసన. నేను ముద్ద ముట్టలేదు.

మామను ట్రాక్టరులో ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను, దారిలో బల్ల మీది అమ్మ సంగతి చెప్పాను. దెబ్బల కేసని పోలీసు వచ్చి రాసుకున్నాడు. ఎలా తగిలిందన్నాడు. మామ మళ్ళీ, "గట్టు మీద జారినా," అన్నారు. అతను పోయాక నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయనకు చిరాకేసింది.

"కాళ్ళొదులు. నీ పేరు చెప్తే నిన్ను తీసుకొనిపోతారు. బల్ల మీంచి మీ అమ్మని ఎవరు దించేది? ఒకటే చెప్తా ఉండా, మీ అత్తకి మాత్రం తెలియనీయొద్దు. ఆమె ఊరుకోదు. నీ గొంతు పట్టుకునేస్తది."

ఎముక వంకరగా అతికింది. ఆ చెయ్యి మళ్ళీ నోటిదాకా పూర్తిగా మడత పడలేదు. తూము కడ్డీని ఎడమచేత్తో పట్టి, ఛాతీతో తోసి తిప్పడం నేర్చుకున్నారు. మా గేటు దగ్గర ఆగి కొలత చెప్పడం మాత్రం మానలేదు. నేనే బయటికి రాలేక లోపల కూర్చునేవాణ్ణి. ఆయన నేను వినేదాకా అంకె మళ్ళీ మళ్ళీ చెప్పి పోయేవారు.

రెండేళ్ళకు ఏరి హద్దులు తేల్చమని కోర్టు చెప్పింది. సర్వేయరు, పోలీసులు, రెండు జేసీబీలు మా వీధికి వచ్చాయి. కొలతల టేపు ఒక కొస సర్వేయరు చేతిలో, ఇంకో కొస మామ చేతిలో. ఆడవాళ్ళు కారప్పొడి చల్లారు. ఎవరో విసిరిన సీసా ఆయన తల మీద పగిలింది. నా భార్య గంజి గిన్నె తెచ్చి ఉడుకుడుకు గంజి ఆయన పాదాల మీద కుమ్మరించింది. ఆయన ఎగిరి గంతేశారే కానీ టేపు వదల్లేదు. ఆ వంకర చేతిలోనే పట్టుకుని, మా వంటింటి మధ్యలో నిలబడి, "ఈడ," అన్నారు. జేసీబీ ఒకే గుద్దుకు గోడ, పొయ్యి, గిన్నెల అలమర అన్నీ తీసేసింది.

నేను ఏమనుకున్నానో దాచను. పగ తీర్చుకున్నాడనుకున్నాను. పోలీసుకు నా పేరు చెప్పకపోవడం ఈ రోజుకోసమేననుకున్నాను. ఒక ఏడాది ఆయనతో మాట్లాడలేదు. ఏరి దగ్గర కనబడితే మొహం తిప్పుకున్నాను.

ఆ తరువాత ఎండాకాలంలో మిగిలిన ఇంటికి వెనక గోడ కట్టుకుందామని పునాది తవ్వాను. నడుము లోతులో గడ్డపార రాయికి తగిలింది. మట్టి కడిగితే పాతకాలపు హద్దురాయి, మీద బాణం గుర్తు. నేను పోయించిన రద్దు కింద పడి ఉంది. మామ 'ఈడ' అని నిలబడిన చోటికీ దానికీ జానెడు తేడా లేదు. ఆయన నాకోసం జరగలేదు, నా మీదికీ జరగలేదు. గుంతలో ఆ రాయి ముందు కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

పోయి పిలుచుకొచ్చాను. ఆయన గుంతలోకి దిగి, రాయి మీద చెయ్యి పెట్టి, దాని మీదే కూర్చున్నారు. "మా నాయన చూపించినాడు ఇది. ఈడే ఉండాలని తెలుసు. యాడ పోయిందో తెలియకపోయె," అన్నారు. గుంత పైన నిలబడ్డ నా భార్య వైపు తిరిగి, "కాఫీ పెడతావా అమ్మాయి? ఈసారి గ్లాసులో పొయ్యి, కాళ్ళ మీద వద్దు," అన్నారు. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఆ తరువాత వచ్చిన వానలకు మా గడపలోకి నీళ్ళు రాలేదు. వాటికి కావలసిన చోటు వాటికి దొరికింది.

మామ రిటైరయ్యాక ఆ ఉద్యోగంలోకి ఇంకొకర్ని వెయ్యలేదు. ఐదు ఏరులకు ఒక లష్కరు వచ్చి వారానికి ఒకసారి తొంగిచూసి పోతున్నాడు. మామ మాత్రం రోజూ పొద్దున కొలత చూసి ఆఫీసుకు ఫోను చేస్తూనే ఉన్నారు. మీరు రిటైరయ్యారు కదా అని అక్కడి అమ్మాయి అంటే, "నేనయినా. ఏరి కాలేదు గదా," అనేవారు. పోయిన రోజు కూడా ఫోను చేసి వచ్చి, కాఫీ తాగుతూ పక్కకు ఒరిగారట. ఇన్ని దెబ్బలు తిన్న మనిషి చివరికి ఏ దెబ్బా తగలకుండా పోయారు.

సాగనంపే ముందు చేతుల బొటనవేళ్ళు రెండూ ఛాతీ మీద కలిపి కట్టాలి. కుడి చెయ్యి ఛాతీ మీదికి రాలేదు. కట్టే మనిషి రెండుసార్లు లాగి, చేతికి ఏమైందని అడిగాడు. "గట్టు మీద జారినాడు," అంది అత్త. నేను పక్కనే ఉన్నాను.

మూడో రోజు శ్మశానంలో పాలు పోసి వచ్చాక ఇంట్లో చుట్టాలు పలచబడ్డారు. అత్త ముందు గదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అత్తా, మామ జారలేదు. నేను కొట్టినా. గడ్డపారతో."

ఏందన్నట్టు చూసింది. మళ్ళీ చెప్పాను. ఆమె లేచింది. ఆ చిన్న మనిషికి అంత బలం ఎక్కడిదో, చెంప మీద కొట్టింది, తల మీద కొట్టింది, చొక్కా పట్టుకుని పిడికిలితో రొమ్ము మీద కొట్టింది. చెయ్యి నొప్పి పుట్టి ఆగిపోయేదాకా కొట్టింది. తరువాత కూలబడింది. నాతో కాదన్నట్టు, నేలను చూస్తూ మాట్లాడింది.

"రోజూ చొక్కా గుండీలు నేనే పెట్టినా. ముద్దలు కలిపి నేనే చేతికిచ్చినా. గుండీ పెట్టిన ప్రతి దినమూ తిట్టినా. పుట్టినప్పట్నించీ నడిచిన గట్టు మీద జారినోడు లోకంలో నువ్వొకడివే, కండ్లు యాడ పెట్టినావు, తాగినావా అని. వచ్చినోళ్ళ ముందర కూడా తిట్టినా. నవ్వతా ఉండె. ఒక్క దినం, ఒక్క దినం కూడా, నేను జారలేదే అని అనకపాయె."

తల ఎత్తి నన్ను చూసింది.

"ఏడేండ్ల తిట్లు. అన్నీ నీయి. కూర్చో."

కూర్చున్నాను. ఆమె మొదలుపెట్టింది.

ఇప్పుడు రోజూ షిఫ్టు అయ్యాక రైలు దిగి నేరుగా అక్కడికే పోతున్నాను. ముందు కాఫీ ఇస్తుంది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది, తరువాత తిడుతుంది. నిన్న సాయంత్రం వానలో తడిసి పోయాను. తిడుతూ తిడుతూ మధ్యలో ఆగింది. మేకుకు ఆయన ఖాకీ చొక్కా వేలాడుతోంది. ఆయన పోయాక ఏ పొద్దున అలవాటు కొద్దీ పెట్టిందో, గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. లేచి వెళ్ళి ఒక్కొక్క గుండీ విప్పింది, పైనుంచి కింది దాకా. తరువాత వచ్చి నా ముందు కూర్చుని, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టింది.